సర్కారు తుమ్మ నీడలో

దక్షిణ దిల్లీలోని బేర్ సరాయ్‌లో మా అబ్బాయి అద్దెకున్న గది నాలుగవ అంతస్తులో ఉన్నది. ఒక మంచం, ఒక బల్ల, గోడ పొడవునా పుస్తకాలు. ఇద్దరు మనుషులు నిలబడితే మూడవవారికి చోటు చాలదు. కింద వీధినిండా పుస్తకాల దుకాణాలు, జిరాక్సు యంత్రాల చప్పుడు, సివిల్ సర్వీసు పరీక్షలకు చదివే పిల్లలు. మావాడు మూడవ పర్యాయం పరీక్షకు సిద్ధమవుతున్నాడు. వాడి తల్లి కాలం చేసి ఆరేళ్ళయినది. వాడికి రెండు నెలలపాటు వండిపెడదామని, గత శీతకాలంలో కడప జిల్లానుంచి ఉసిరికాయ పచ్చడి జాడీతో, రాగిపిండి మూటతో నేను ఆ గదిలో దిగాను.

ఒకనాటి రాత్రి వాడు పుస్తకంనుంచి తల ఎత్తి, "నాన్నా, అల్లెలోపతి అంటే ఒక్క వాక్యంలో చెప్పు" అన్నాడు.

నేను 32 సంవత్సరాలు జూనియర్ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసినవాణ్ణి. ఆ వాక్యం నాలుకమీదనే ఉన్నది. "ఒక మొక్క తన ఆకులనుంచో వేళ్ళనుంచో రసాయనాలను విడుదల చేసి, పక్క మొక్కల మొలకను, పెరుగుదలను అణచివేయడం" అన్నాను. వాడు రాసుకున్నాడు.

"ఉదాహరణ?"

"మన కంపచెట్టు. దానికింద గడ్డి అయినా మొలవదు గదా."

వాడు కలం ఆపి నావైపు చూశాడు. "గడ్డి మొలవనిది విషంవల్లనే అని ఎట్లా తెలిసింది? నీడవల్ల కావచ్చు. ఉన్న నీళ్ళన్నీ అదే తాగేస్తూ ఉండవచ్చు."

32 ఏళ్ళలో ఏ విద్యార్థీ నన్ను ఈ ప్రశ్న అడగలేదు. అడగకుండా చేసింది నేనేనేమో అని కూడా ఆ రాత్రి తోచింది. చెట్టుకింద బోసినేల కనిపించడం ఒక సంగతి, ఆ బోసితనానికి కారణం చెప్పడం మరొక సంగతి. ఈ రెంటినీ ఒకటిగా కలిపి పిల్లల నోటు పుస్తకాల్లోకి ఎక్కించి, అదే తిరిగి రాసినవారికి మార్కులు వేసినవాణ్ణి.

తెల్లవారి ఆ చెట్టును చూడటానికి బయలుదేరాను. దూరం పోనక్కరలేదు. బేర్ సరాయ్‌నుంచి అరగంట నడిస్తే సంజయ్ వనం. ఆరావళి కొండలు దిల్లీ నగరంలోకి చొచ్చుకువచ్చిన చివరి కొసను ఇక్కడివారు రిడ్జ్ అంటారు. ఆ రాతినేలలో, పాత లాల్‌కోట్ ప్రాకారపు శిథిలాల నడుమ, నెమళ్ళు తిరిగే కాలిబాటల కిరువైపులా ఏ దిక్కు చూసినా మా ఊరి కంపే! ఇక్కడి పేరు విలాయతీ కీకర్. శాస్త్రనామం ప్రోసోపిస్ జూలిఫ్లోరా. మా వైపు దానికి సర్కారు తుమ్మ అని పేరు.

ఈ కొండలకు స్వంతమైన చెట్లు వేరే ఉన్నవి. ధౌ, మోదుగ, తెల్లతుమ్మ, కరీల్, హింగోట్ అనబడే గార. వాటిలో ఒకదాన్ని చూడాలంటే కంపల గొడుగు దాటి పోవలసివచ్చింది. హిందీలో బేర్ అంటే రేగు, సరాయ్ అంటే బాటసారుల సత్రం. మా వీధి పేరులోని ఆ రేగును వీధిలో పండ్లబండిమీద తప్ప నేను చూడలేదు. అడవిలో మాత్రం, తుమ్మల నీడ పడని ఒక రాతిగట్టుమీద, మోకాలెత్తు రేగుపొదలు నాలుగైదు కనిపించినవి. నీడలోపల ఒక్కటీ లేదు.

ఇంతదూరం వచ్చి మా ఊరి చెట్టును చూశానని అన్నాను గాని, నిజానికి ఈ చెట్టుకు మా ఊరిమీద ఉన్న హక్కు పాఠకులు ఊహించేదానికంటె ఎక్కువ. దీని జన్మస్థానం కరీబియన్ దీవులు, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తరభాగం. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీశాఖాధికారిగా ఉండిన కల్నల్ బెడ్డోమ్ 1876లో దీని విత్తనాలు తెప్పించవలసిందని ప్రభుత్వానికి రాశాడు. వంటచెరకుకు కరవుగా ఉన్న మెట్టప్రాంతాలకు ఇది పనికివస్తుందని ఆయన ఉద్దేశం. 1877లో ఆ విత్తనాలను నాటిన తొలి తోటలలో ఒకటి మా కడప జిల్లా కమలాపురం. అది ధాత కరువు కాలం. మనుషులు పిట్టల్లా రాలిపోతున్న ఆ సంవత్సరంలో, నీళ్ళు అడగని, మేక ఆకు ముట్టని, నరికినకొద్దీ చిగిర్చే ఒక చెట్టు వచ్చిందంటే దాన్ని వరమనుకోవడంలో తప్పేమున్నది? తర్వాత అది రాజస్థాన్ ఇసుక నేలలకు పోయింది. 1940లో జోధ్‌పూర్ సంస్థానం దానికి రాజవృక్షమని బిరుదిచ్చి రక్షణ కల్పించింది. కొత్త రాజధాని నిర్మించిన కాలంలో దిల్లీ రిడ్జ్‌ను పచ్చగా చేయదలచిన ఆంగ్లేయులు ఇక్కడా దాన్నే నాటించారు. కమలాపురంలో అడుగుపెట్టినది బేర్ సరాయ్ పొలిమేరదాకా వచ్చింది. నాకంటె చాలాముందే!

మా ఊరు కమలాపురానికి రెండు కోసుల దూరం. నాకు ఊహ తెలిసేసరికి మా అమ్మ పొయ్యిలో మండేది ఈ కట్టే. మా నాయన అరికాలులో విరిగి, చీముపట్టి, నెలరోజులు మంచాన పడవేసినది ఈ ముల్లే. మాకు రెండెకరాల చేను ఉన్నది. శెనక్కాయ పండేది. బోరు ఎండిన తర్వాత బీడు పెట్టాము. తీయని కాయలకోసం మేకలు పోవడం, ఆ గింజలు పెంటికలతోపాటు మా చేనిలో పడటం, ఆరేడేళ్ళలో గట్టు ఏదో చేను ఏదో తెలియకుండా కంప కమ్ముకోవడం మా కళ్ళముందే జరిగింది. మా తమ్ముడు ఏటేటా ఆ కంపను బొగ్గు కాల్చేవారికి అమ్ముతాడు. ఆ సొమ్ములో నా భాగమే మా అబ్బాయి గది అద్దె. కనుక ఈ చెట్టును గురించి నేను తీర్పు చెప్పబోయే ముందు, దాని ఉప్పు తింటున్నవాణ్ణని ఒప్పుకోవడం న్యాయం.

మొక్కలు ఒకదాని నొకటి రసాయనాలతో బాధిస్తవనే ఊహ పాతదే. అక్రోటు చెట్టు నీడ ఇతర మొక్కలకు చేటని రోమన్ పండితుడు ప్లినీ సుమారు 2000 ఏళ్ళనాడే రాశాడు. అమెరికాలోని నల్ల అక్రోటులో ఆ పని చేసే పదార్థానికి జుగ్లోన్ అని పేరు. అల్లెలోపతి అనే మాటను 1937లో పుట్టించినవాడు ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు హాన్స్ మోలిష్. అంతకు కొన్నేళ్ళ ముందు ఆయన కలకత్తాకు వచ్చి, జగదీశ్ చంద్ర బోస్ స్థాపించిన పరిశోధనాలయంలో కొన్ని నెలలు గడిపిపోయాడు. గ్రీకులో ఆ మాటకు అన్యోన్య బాధ అని అర్థం చెప్పుకోవచ్చు. ఎంత చక్కని సమాసం! కొన్ని ఉమ్మడి కుటుంబాలకు కూడా అతుకుతుంది.

ఈ విద్య దుష్టవృక్షాలకే పరిమితం కాదు. మన జొన్న వేళ్ళమీది మూలకేశాలనుంచి సోర్గోలియోన్ అనే జిడ్డుపదార్థం కారుతుంది. అది చుట్టుపట్ల మొలిచే కలుపు మొక్కలు ఎండనుంచి ఆహారం తయారుచేసుకొనే ప్రక్రియనే దెబ్బతీస్తుంది. సర్కారు తుమ్మ ఆకులను పరీక్షించిన జపాన్ పరిశోధకులు వాటిలో ట్రిప్టోఫాన్, సిరింజిన్, లారిసిరెసినాల్ అనేవి మొలకను అడ్డగిస్తున్నట్లు ఈ శతాబ్ది ఆరంభంలో ప్రకటించారు. ట్రిప్టోఫాన్ విషమేమీ కాదు, మన ఆహారంలోని మాంసకృత్తులలో ఉండేదే. లేత వేరుకు మోతాదు మించితే అదే శత్రువు.

ఇక విషమున్నదని తేలింది గనుక నేరం రుజువైనట్లేనా? ఇక్కడనే మా అబ్బాయి ప్రశ్నకు పాత చుట్టం ఒకటి ఉన్నదని నాకు గుర్తుకువచ్చింది. కాలిఫోర్నియాలోని గడ్డిమైదానాలలో సుగంధపు ఆకులుగల సాల్వియా పొదల చుట్టూ గడ్డి మొలవని వలయాలు ఉంటవి. పైనుంచి చూస్తే ఎవరో గీత గీసినట్లు కనిపిస్తవట. సి. హెచ్. ముల్లర్ అనే ఆచార్యుడు 1964లో, పొద ఆకులనుంచి గాలిలోకి లేచే కర్పూరంవంటి ఆవిరులు మట్టికి పట్టి గడ్డిని చంపుతున్నవని ప్రతిపాదించాడు. ఆ వలయాల ఛాయాచిత్రం పాఠ్యగ్రంథాలకు ఎక్కింది. నేనుకూడా ఆ బొమ్మను నల్లబల్లమీద ఎన్నో పర్యాయాలు గీశాను. అయితే 1970లో బార్తొలోమ్యూ అనే యువకుడు చేసిన పని చాలా సులువైనది. బోసి వలయంలో తీగవల పంజరాలు పెట్టి, ఎలుకలు, కుందేళ్ళు, పక్షులు లోపలికి రాకుండా చేశాడు. పంజరాల్లో గడ్డి మొలిచింది! పొద చాటున దాగే ప్రాణులు, ప్రాణభయంచేత దూరం పోలేక, పొద అంచునే గింజలూ గడ్డీ మేసేస్తున్నవి. ఆవిరులు అబద్ధం కావు, బోసితనమూ అబద్ధం కాదు, ఆ రెంటికీ ముడివేయడంలోనే తొందరపాటు జరిగింది.

ఈ కథను నేను మావాడికి చెప్పాను. "అయితే మనమూ చూద్దాం" అన్నాడు. వాడి చదువు చెడగొడుతున్నానేమోనన్న సంకోచంతోనే ప్రయోగం మొదలుపెట్టాను.

పరికరాలు పాఠకులు నవ్వుకొనేటంతటివి. నాలుగు స్టీలు సాసర్లు, తడిగుడ్డలు, కిరాణా కొట్టులోని ఆవాలు సాసరుకు 25 చొప్పున. ఒకదానిలో మంచినీళ్ళు. రెండవదానిలో సర్కారు తుమ్మ ఆకు నలిపి ఒకరోజు నానబెట్టిన చిక్కని నీళ్ళు. మూడవదానిలో అదే నీరు పదింతలు పలచన చేసినది. నాలుగవదానిలో చిక్కని నీళ్ళే, కాని బొగ్గుపొడి కలిపి వడగట్టినవి. రసాయనాలను పీల్చుకొనే గుణం బొగ్గుకు ఉన్నది గనుక, పరిశోధకులు ఇటువంటి పరీక్షలలో ప్రత్యేకంగా శుద్ధిచేసిన బొగ్గును మట్టిలో కలుపుతారు. నాకు వీధి మలుపులో ఇస్త్రీ చేసే అతను గుప్పెడు బొగ్గులిచ్చాడు. పగలగొట్టి చూస్తే నా చేతికి తెలిసిపోయింది, అవీ కంపబొగ్గులే అయివుండాలి.

అయిదవనాటికి మంచినీళ్ళ సాసరులో 23 మొలిచినవి. చిక్కని నీళ్ళలో 4, వాటి వేళ్ళ కొసలు గోధుమరంగుకు తిరిగి ముడుచుకొనిపోయినవి. పలచని నీళ్ళలో 21, వేళ్ళు మాత్రం పొట్టి. బొగ్గు వేసినదానిలో 13. నేను పరమానందభరితుణ్ణయ్యాను. మావాడు మాత్రం, "ఇదే పని వేపాకుతో చెయ్యి నాన్నా" అన్నాడు. చేశాను. చిక్కని వేపాకు నీళ్ళలో 9 మొలిచినవి. ఏ ఆకునైనా గట్టిగా పిండి ఆ రసంలో ముంచితే ఆవగింజ ఉక్కిరిబిక్కిరి అవుతుందన్నమాట. మరి వేపచెట్టుకింద నేల బోసిపోవడం లేదే!

సాసరు వేరు, నేల వేరు. మట్టిలోని సూక్ష్మజీవులు ఈ పదార్థాలలో చాలావాటిని తినేస్తవి, బంకమట్టి కొంత పట్టి ఉంచుతుంది, వాన కొంత కడిగేస్తుంది. కనుక తుమ్మల కిందినుంచి పిడికెడు, రేగుపొదల దగ్గరనుంచి పిడికెడు మట్టి తెచ్చి, టీ తాగి పారవేసే మట్టి ముంతలలో ఆవాలు చల్లాను. నన్ను తెల్లబోయేటట్లు చేసిన ఫలితం ఇదే: తుమ్మకింది మట్టిలో మొలకలు ఏపుగా, ముదురుపచ్చగా వచ్చినవి. ఆశ్చర్యపోవలసింది లేదు. ఇది చిక్కుడు కుటుంబపు చెట్టు, గాలిలోని నత్రజనిని నేలకు చేరుస్తుంది. అదే మట్టిమీద దాని ఎండుటాకు రెండు వేళ్ళ మందాన పరిచినప్పుడు మాత్రం మొలకలు సగానికి పడిపోయినవి, వచ్చినవి వంకరలు పోయినవి. చెట్టు ఒక చేత్తో అన్నం పెడుతూ, రెండవ చేత్తో పీక నొక్కుతున్నది.

ఇదే విషయాన్ని పద్ధతి ప్రకారం పరీక్షించినవారు మా గదికి ఇరవై కిలోమీటర్ల లోపలనే ఉన్నారు. దిల్లీ విశ్వవిద్యాలయంలోని ఇందర్‌జీత్, అమెరికాలోని రేగన్ క్యాలవే, మరికొందరు కలిసి 2012లో ప్రచురించిన పరిశోధన అది. సర్కారు తుమ్మకు పుట్టినిల్లయిన వెనిజ్వేలాలోనూ, అది చొరబడిన భారతదేశంలోనూ చెట్టుకింద ఎన్ని జాతుల మొక్కలున్నవో, పక్క ఆరుబయట ఎన్ని ఉన్నవో లెక్కించారు. మన దేశంలో దానికింద స్థానికజాతులు బాగా తగ్గినవి. వెనిజ్వేలాలో తగ్గలేదు, చెట్టు నీడ అక్కడి మొక్కలకు పైపెచ్చు మేలే చేసింది. ఇక మూడవ పోలిక తెలుగువారికి ఆసక్తికరమైనది. సర్కారు తుమ్మకు మన దేశంలో ఒక దగ్గరి చుట్టమున్నది. దసరానాడు మనం ప్రదక్షిణం చేసి, ఆకును బంగారమని పంచుకొనే జమ్మి. శాస్త్రరీత్యా అదీ ప్రోసోపిస్సే. జమ్మికింద ఆ నష్టం చాలా తక్కువ, దాని ఎండుటాకుకు అంత క్రౌర్యమూ లేదు. రాజస్థాన్ రైతులు సజ్జచేలో జమ్మిని నరకకుండా ఉంచుకొనేది దానికింద పైరు బాగుంటుందనే.

అదే చెట్టు పుట్టినింట సాధువు, ఇక్కడ క్రూరి ఎట్లా అయినది? దీనికి శాస్త్రజ్ఞులు చెప్పే ఊహకు కొత్త ఆయుధాల సిద్ధాంతమని పేరు. పుట్టినచోట చుట్టుపక్కల మొక్కలు, మట్టిలోని జీవులు వేలయేండ్లుగా ఆ రసాయనాలతో కలిసి బతికి వాటికి విరుగుడు నేర్చుకున్నవి. కొత్తదేశంలో ఆ ఆయుధాన్ని ఎరిగినవారు లేరు. క్యాలవే, ఆషెహోగ్ అనేవారు 2000లో ఆసియానుంచి అమెరికాకు పోయిన ఒక సెంటారియా కలుపుతో దీనికి ఆధారం చూపారు. అయితే ఈ రంగంలో జాగ్రత్త అవసరం. అదే జాతికి చెందిన మరొక కలుపు వేళ్ళ విషం గురించి 2003లో మహా ప్రచారం పొందిన వ్యాసాన్ని, లెక్కలు నిలవక, 2010లో ఉపసంహరించుకున్నారు. నాకు తోచేదేమంటే, సర్కారు తుమ్మ విషయంలో విషం నిజం, కాని అది ఒంటరిగా పనిచేయడం లేదు. దట్టమైన నీడ, లోతైన వేరు, నరికితే రెట్టింపయ్యే మొండితనం, కాయ మోసుకుపోయే మేక, బీడుపెట్టిన రైతు, అందరూ దాని పక్షమే.

సంజయ్ వనంనుంచి తిరిగివచ్చే దారిలో రోడ్డు అంచున తెల్లని పూలతో వయ్యారిభామ కనిపించేది. దాన్ని 1956లో పుణె ప్రాంతంనుంచి ఆర్. ఎస్. రావు శాస్త్రలోకానికి తెలియజేశారు. దాని ఆయుధం పార్థెనిన్. ఒకసారి నా విద్యార్థులచేత ఆ మొక్కలను వట్టిచేతులతో పీకించాను. ఇద్దరు పిల్లల చేతులు మోచేతిదాకా దద్దుర్లెక్కినవి. పుస్తకంలో చదివి, చేతికి తొడుగు వేయించాలన్న ఇంగితం లేకపోయిన ఉపాధ్యాయుణ్ణని వారి తల్లులకు నేను చెప్పుకోలేకపోయాను.

ఫిబ్రవరి నెలలో మా తమ్ముడు ఫోను చేశాడు.

"అన్నా, బొగ్గులోళ్ళు వచ్చినారు. ఈసారి మంచి ధర చెప్తాండారు. కొట్టుకోమనేదా?"

"వేర్లతో సహా తీయిస్తే?"

"అట్లయితే యంత్రం పెట్టాల. దుడ్లు మనమే ఇయ్యాల. తీసినంక ఏం పెడతావు, నీళ్ళేవి?"

నా దగ్గర వెంటనే జవాబు లేదు. దిల్లీలో దీనికి ఒక జవాబు ప్రయత్నిస్తున్నారు. వసంత్ విహార్ పక్కనున్న ఆరావళి జీవవైవిధ్య ఉద్యానంలో దిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి. ఆర్. బాబు, వారి బృందం విలాయతీ కీకర్‌ను ఒక్కపెట్టున నరికివేయలేదు. కొమ్మలు తగ్గించి వెలుతురు దించి, నడుమ స్థానిక వృక్షాలను పెంచి, అవి పైకి లేచినకొద్దీ దాన్ని తప్పించే మార్గం పట్టారు. దుమ్ముతో ఊపిరాడని నగరంలో ఉన్న పచ్చదనాన్ని ఒకేసారి ఊడ్చివేయడం అవివేకమని నాకూ అనిపించింది. కాని అది ప్రభుత్వపు భూమి, పాతికేళ్ళు ఓపిక పట్టగలదు. మాది రెండెకరాలు, దానిమీద ఒక గది అద్దె.

మావాడు పుస్తకం మూసి అంతా విన్నాడు. "నాకోసం కొట్టించవద్దు నాన్నా. మేలో ఇంకొక్కసారి రాస్తాను. కాకపోతే ఊరికి వచ్చేస్తాను" అన్నాడు. వాడి గొంతులో నిష్ఠూరం లేదు. అందుచేతనే నాకు ఎక్కువ బాధ కలిగింది. కొంతసేపటికి తమ్ముడికి తిరిగి ఫోను చేసి, ఎకరంన్నర బొగ్గుకు ఇచ్చేయమని, గట్టువైపు అరెకరం మాత్రం వేర్లతో పెరికించమని, రాలిన ఆకంతా ఊడ్చి అక్కడే తగలబెట్టక బయటకు మోయించమని చెప్పాను. "ఆకు మోయడమేందన్నా?" అని వాడు విస్తుపోయాడు. ఆ సంగతి ఫోనులో చెప్పేది కాదు.

బయలుదేరే ముందురోజు ఉదయం మావాడే నన్ను సంజయ్ వనానికి తీసుకుపోయాడు. రాతిగట్టుమీది రేగుపొదలు కాసినవి. గోలీకంటె చిన్న కాయలు, ఎర్రబారినవి నాలుగైదు. ఇద్దరం నోట్లో వేసుకున్నాము. పులుపు. వాడు గింజ ఊయబోతుంటే వద్దని చేయి పట్టాను. వాడు నవ్వి గింజలను నా అరచేతిలో పెట్టాడు.

అవి నా చొక్కా జేబులో రైలెక్కి వచ్చినవి. గట్టుపక్క అరెకరంలో, మూడు జమ్మి మొక్కల నడుమ వాటిని పూడ్చిపెట్టాను. మా ఊళ్ళో ఇంకా వాన పడలేదు.